ఒడ్డున కుళ్ళిన నాచు ఎవరి పాపం?

ఒక తప్పు ఒక్కడు చేస్తే అది ఎవరిదో చెప్పడం తేలిక. ఇద్దరు చేస్తే ఎవరి పాలు ఎంతో పెద్దమనుషులు కూర్చుని తేల్చవచ్చు. కాని వేలమంది, ఒక్కొక్కరు కొంచెం కొంచెంగా, చట్టం వద్దనని పనినే చేసి, అందరూ కలిసి పొరుగువాడి ప్రాణం మీదికి తెచ్చినప్పుడు ఆ దోషం ఎవరిది? మన పెద్దలు దీనికి "తిలాపాపం తలా పిడికెడు" అని సామెత చెప్పారు. ఆ పిడికెడును చేతిలో పట్టుకుని "ఇది నాది" అనేవాడు మాత్రం అరుదుగా కనిపిస్తాడు.

ఇది పండితులు తీరికగా చర్చించుకునే ప్రశ్న మాత్రమే కాదు. ఫ్రాన్సు దేశపు పడమటి కొసన బ్రిటనీ అనే ప్రాంతం ఉంది. అట్లాంటిక్ సముద్రంలోకి ముక్కులా పొడుచుకు వచ్చిన నేల అది. ఊరూరా రాతి దేవాలయాలు, నాలుగు దారులు కలిసిన చోటల్లా రాతి సిలువలు, ఒకవైపు చేపల వేట, మరొకవైపు సేద్యం. అక్కడి తీరగ్రామాల ప్రజలు 1970ల నుంచి ఈ ప్రశ్నతోనే బ్రతుకుతున్నారు. ప్రతి ఏటా వసంతకాలం వచ్చేసరికి వారి ఇసుక తీరాల మీద పచ్చని నాచు పడుతుంది. అది ఎవరు పంపినదో అందరికీ తెలుసు. ఎవరిని అడగాలో మాత్రం ఎవరికీ తెలియదు.

పచ్చని పరుపు

ఈ నాచు పేరు ఉల్వా. ఫ్రెంచివారు దీనిని సముద్రపు లెట్యూస్ అని పిలుస్తారు. లేత ఆకుపచ్చ రంగులో, పలుచని రేకుల్లా ఉంటుంది. ప్రాణంతో ఉన్నప్పుడు దీనిలో విషం లేదు. కొందరు కూరగా కూడ తింటారు. సముద్రంలో ఇది ఎప్పుడూ ఉన్నదే. అయితే వెడల్పైన, లోతు తక్కువైన ఇసుక అఖాతాల్లో, ఆటుపోట్లకు నీరు త్వరగా బయటకు పోని చోట్ల, దానికి మూడు సమకూడితే చాలు: ఎండ, వెచ్చదనం, తిండి. మొదటి రెండూ ప్రకృతి ఇచ్చేవి. మూడవది నైట్రేట్ రూపంలో ఉండే నత్రజని. అది పొలాల నుంచి, పశువుల కొట్టాల నుంచి, పందుల పెంపకపు షెడ్ల నుంచి వాననీటిలో కరిగి, వాగుల వెంట అఖాతంలోకి దిగుతుంది. ఆ తీరాలకు చేరే నైట్రేట్‌లో 90 శాతానికి పైగా వ్యవసాయం నుంచే వస్తున్నదని ఫ్రాన్సు దేశపు ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ 2021లో ఇచ్చిన నివేదికలో స్పష్టం చేసింది.

మన డెల్టా పంట కాలువల్లో గుర్రపుడెక్క ఎలా కమ్ముకుంటుందో చూసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. నీటికి సత్తువ ఎక్కువైతే ఏదో ఒకటి దానిని తిని బలుస్తుంది. మన కాలువల్లో డెక్క, అక్కడి అఖాతాల్లో ఉల్వా.

సెయింట్ మిషెల్ ఆన్ గ్రేవ్ అనే చిన్న ఊరి ముందు విశాలమైన ఇసుక తీరం ఉంది. యార్, రోస్కోట్ అనే రెండు చిన్న నదులు అక్కడే సముద్రంలో కలుస్తాయి. పచ్చనాచు మొదట పేరుబడినది ఈ తీరంలోనే. తూర్పున సెయింట్ బ్రియూక్ అఖాతంలో హిలియోన్ అనే మరో ఊరు. ఇలాంటి అఖాతాలు బ్రిటనీలో ఎనిమిది ఉన్నాయని ప్రభుత్వం గుర్తించింది.

వాసన పోయిన క్షణం

కెరటాలు ఒడ్డుకు తోసిన నాచును వెంటనే తీయకపోతే గుట్టలుగా పేరుకుంటుంది. పై పొర ఎండకు ఎండి తెల్లని పెంకు కడుతుంది. ఆ పెంకు కింద గాలి ఆడదు. గాలి లేనిచోట కుళ్ళిన నాచు హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువును పుట్టిస్తుంది. ఎవరైనా పొరపాటున ఆ పెంకు మీద అడుగు వేస్తే, లోపల మూగిన వాయువు ఒక్కసారిగా పైకి వస్తుంది.

ఈ వాయువుకు ఒక గుణం ఉంది. కొంచెంగా ఉన్నప్పుడు కుళ్ళిన కోడిగుడ్డు కంపు కొడుతుంది. మనిషి ముక్కు మూసుకుని పక్కకు తప్పుకుంటాడు. మోతాదు బాగా పెరిగినప్పుడు అది వాసన పట్టే నరాన్నే మొద్దుబారుస్తుంది. అప్పుడు కంపు ఉండదు. కంపు పోయింది కదా అని మనిషి ఊపిరి పీలుస్తాడు. ప్రాణం పోయేది అప్పుడే.

2008లో హిలియోన్ తీరాన రెండు కుక్కలు చనిపోయాయి. 2009 జూలై 28న సెయింట్ మిషెల్ ఆన్ గ్రేవ్ తీరంలో ఒక గుర్రం నాచు గుట్టలో కూరుకుపోయి చనిపోయింది; స్మృతి తప్పిన రౌతును అక్కడ పని చేస్తున్నవారు బయటికి లాగి బ్రతికించారు. దానికి ఆరు రోజుల ముందే, తీరం నుంచి ఎత్తిన నాచును లారీలో తోలుతున్న ఒక డ్రైవరు పనిలో ఉండగానే చనిపోయాడు. అతని మరణానికి కారణం ఏమిటన్న దానిపై ఏళ్ళ తరబడి వాదం నడిచింది. చివరికి 2018లో దానిని పనిలో జరిగిన ప్రమాదంగా న్యాయస్థానం గుర్తించింది. 2011 జూలైలో హిలియోన్ దగ్గర గూస్సాన్ నది మొగలో 36 అడవిపందులు చచ్చిపడ్డాయి. 2016 సెప్టెంబరులో అదే మొగలో పరుగుకు వెళ్ళిన ఒక కుటుంబీకుడు తిరిగి ఇంటికి రాలేదు.

ఇన్నేళ్ళ మధ్యలో ఎవరికీ ఏమీ తెలియక కాదు. వైద్యులలో కొందరు హెచ్చరించారు. తీరవాసులు సంఘాలు కట్టి అరిచారు. కాని పర్యాటకులు రావడం మానేస్తారని ఊరి పెద్దలకు భయం. పక్క ఇంటివాడు రైతు, అన్న కొడుకు మాంసం ఫ్యాక్టరీలో కూలి. వారి కూడు పోతుందేమోనని తక్కినవారికి మొహమాటం. మొదట్లో ముక్కు మూసుకున్నవారే, కొన్నేళ్ళకు "మా ఊళ్ళో వేసవి అంటే ఇంతే" అనడం నేర్చుకున్నారు. ఆ వాయువు ముక్కుకు చేసిన పనినే అలవాటు మనస్సాక్షికి చేసింది. తప్పు చిన్నదిగా ఉన్నప్పుడు మనసు కుట్టుతుంది. పెద్దదై, అందరిదై, రోజువారీది అయ్యాక మనసు కుట్టదు. కుట్టడం లేదు కనుక తప్పు పోయిందని అనుకుంటే, తెల్లని పెంకు మీద నమ్మకంగా అడుగు వేసినట్లే.

ఆదివారం పూజ తరువాత జరిగిన సభ

ఈ కథలో మన విచారణల వారు తెలుసుకోవలసిన ఒక పాత విషయం ఉంది. బ్రిటనీ తీర రైతుకు సముద్రపు నాచు ఒకప్పుడు శత్రువు కాదు, సిరి. ఇప్పటి పచ్చ ఉల్వా కాదు, రాళ్ళకు పట్టి పెరిగే గోధుమరంగు నాచు అది. దానిని కోసి, బండ్ల మీద తోలి, పొలానికి ఎరువుగా వేసేవారు. అందరికీ కావలసిన వస్తువు కనుక తగాదాలూ ఉండేవి.

1681లో పదునాల్గవ లూయీ రాజు కాలంలో వచ్చిన సముద్ర శాసనం దీనికి ఒక పద్ధతి ఏర్పరచింది. సముద్రతీర విచారణలలోని ప్రజలు ప్రతి సంవత్సరం జనవరి నెల మొదటి ఆదివారం, విచారణ పూజ ముగిసిన తరువాత, సమావేశమై నాచు కోత ఏ రోజున మొదలుపెట్టాలో, ఏ రోజున ఆపాలో నిర్ణయించుకోవాలి. రాత్రిపూట కోయరాదు. తమ విచారణ హద్దు దాటి పొరుగు విచారణ తీరంలో కోయరాదు. కెరటాలు తమంతట తామే ఒడ్డుకు తోసిన నాచును మాత్రం ఎవరైనా తీసుకుపోవచ్చు.

ఈ నియమాలలో ఉన్న బుద్ధిని గమనించండి. నాచు అందరిది, కనుక దాని మీద నిర్ణయం కూడ అందరి ముందు, పట్టపగలు, ముఖాముఖి జరగాలి. ఎవడు ఎంత తీశాడో పక్కవాడు చూస్తూనే ఉంటాడు. కెరటం తెచ్చిపెట్టినది బండి, ఎడ్లు లేని పేదవాడికి కూడ దక్కుతుంది. ఉమ్మడి ఆస్తికి ఉమ్మడి లెక్క ఉండేది.

మూడు వందల ఏళ్ళ తరువాత సత్తువ ప్రయాణం తిరగబడింది. అప్పుడు సముద్రం నుంచి పొలానికి పోయేది. ఇప్పుడు పొలం నుంచి సముద్రానికి పోతున్నది. లాభం వచ్చేటప్పుడు తీరవాసులందరూ కూర్చుని పంచుకునే ఏర్పాటు ఉండేది. నష్టం వచ్చేసరికి అటువంటి సభ లేదు. పది మైళ్ళ లోపల పొలానికి ఎరువు వేసే రైతు, తీరాన నాచు ఎత్తే కూలివాడు ఒకరి ముఖం ఒకరు చూడరు. మధ్యలో వాగు మాత్రం పారుతుంది. చూడని పొరుగువాడికి చేసిన కీడు మనకు కీడుగా తోచదు. ఈ కాలపు పాపాలలో అధికభాగం ఇలాంటివే.

మంచి కోరి చేసిన పని

ఇది చదివి, బ్రిటనీ రైతులు దురాశాపరులని తీర్పు చెప్పడం అన్యాయం. రెండవ ప్రపంచయుద్ధం ముగిసేనాటికి ఆ ప్రాంతం ఫ్రాన్సులో వెనుకబడిన మూల. చిన్న కమతాలు, బీద ఇండ్లు. పిల్లలు ఊరు విడిచి పారిస్‌కు కూలిపనికి, ఇంటిపనికి వెళ్ళేవారు. దేశం ఆకలి చూసి ఉన్నది. ఎక్కువ పండించమని ప్రభుత్వం అడిగింది.

అప్పుడు ముందుకు వచ్చినవారిలో కథోలిక యువరైతుల సంఘం ఒకటి. 1929లో ఫ్రాన్సులో పుట్టిన ఈ సంఘం పల్లె యువతీయువకులకు చూడు, ఆలోచించు, పని చెయ్యి అనే క్రమం నేర్పింది. తలవంచుకుని బ్రతకనక్కరలేదని, చదువుకోవాలని, సహకార సంఘాలు కట్టుకోవాలని, కొత్త పద్ధతులు అందుకోవాలని వారికి ధైర్యం చెప్పింది. దానిలో తర్ఫీదు పొందిన యువకులు బ్రిటనీ వ్యవసాయాన్నే మార్చివేశారు. చిన్న ముక్కలను కలిపి పెద్ద పొలాలు చేశారు. ఆ పనిలో మైళ్ళ కొద్దీ మట్టిగట్లు, గట్ల మీది చెట్లు పోయాయి. పచ్చిక పోయి మొక్కజొన్న వచ్చింది. ఓడల మీద సోయా దాణా దిగింది. పందుల, కోళ్ళ పెంపకం పెరిగింది. నేడు ఫ్రాన్సు దేశపు పందులలో సగానికి పైగా ఈ ఒక్క ప్రాంతంలోనే ఉన్నాయి. బీదరికం పోయింది. పిల్లలు ఊరిలోనే నిలిచారు.

ఇది మేలు కాదా? మేలే. ఆ యువకులు చూశారు, ఆలోచించారు, పని చేశారు. ఆనాడు వారి కంటికి కనిపించినది తమ ఊరి ఆకలి. వాగు చివర ఉన్న సముద్రం కనిపించలేదు. గట్టు తీసివేస్తే వాననీరు ఆగదని, శీతకాలంలో పైరు లేని నేల నుంచి నైట్రేట్ కడుక్కుపోతుందని, అన్ని పందుల పెంటను ఆ కొద్ది నేల పీల్చుకోలేదని తరువాత తెలిసింది. తెలియక చేసినది ఒక లెక్క. తెలిసిన తరువాత కొనసాగించినది మరొక లెక్క. నీతి విషయంలో ఈ రెంటి మధ్య గీత గీయకపోతే, తాతలను అన్యాయంగా నిందిస్తాము, మనుమలను అన్యాయంగా వదిలేస్తాము.

తెలిసిన తరువాత వేరే దారి లేకపోలేదు. ఆంద్రే పోషోన్ అనే బ్రిటనీ రైతు 1950ల నుంచే తెల్ల క్లోవరు కలిపిన పచ్చిక మీద పశువులను మేపి, తక్కువ ఖర్చుతో బ్రతకవచ్చని తన పొలంలోనే చూపించాడు. 1982లో తనవంటి రైతులతో ఒక సంఘం కట్టాడు. ఎడాదంతా నేలను కప్పి ఉంచే పచ్చిక నైట్రేట్‌ను పట్టి ఉంచుతుంది. ఆయన దారిలో నడిచినవారు ఉన్నారు, కాని కొద్దిమంది.

మూడు సాకులు

దోషం అడిగినప్పుడు ఎక్కడైనా మూడు సమాధానాలు వినిపిస్తాయి. వాటిని తోసిపారేయకుండా ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది: "నేను చట్టం దాటలేదు." తాగే నీటిలో లీటరుకు 50 మిల్లీగ్రాముల నైట్రేట్ వరకు ఉండవచ్చని ఐరోపా నియమం. బ్రిటనీ నదులలో కొన్ని ఆ హద్దును కూడ దాటినందుకు 2001లో ఐరోపా న్యాయస్థానం ఫ్రాన్సు ప్రభుత్వాన్ని తప్పుబట్టింది. ఆ తరువాత నదుల పరిస్థితి కొంత మెరుగుపడింది. కాని మనిషి తాగడానికి పనికివచ్చే నీరు కూడ అఖాతంలో నాచును మేపడానికి పుష్కలంగా సరిపోతుంది. నాచు తగ్గాలంటే నైట్రేట్ ఆ హద్దుకు చాలా కిందికి దిగాలి. చట్టం గీసిన గీత ఒకచోట, పొరుగువాడికి హాని మొదలయ్యే గీత మరొకచోట ఉన్నాయన్నమాట. చట్టాన్ని పాటించడం పౌరుడి కనీస ధర్మం. దానితో మనిషి ధర్మం తీరిపోయిందనుకోవడం పొరపాటు.

రెండవది: "నేనొక్కడినే మానితే ఏమవుతుంది?" నిజమే. ఒక్క రైతు రెండు బస్తాలు తగ్గిస్తే అఖాతంలో ఒక్క రేకు కూడ తగ్గినట్లు కనిపించదు. నేలలోకి, భూగర్భజలంలోకి ఇంకిన నైట్రేట్ వాగులోకి రావడానికి ఏళ్ళు పడుతుంది. ఈ రోజు మానినవాడు ఫలితాన్ని పదేళ్ళకు చూస్తాడో లేదో! అయితే ఇదే వాదాన్ని తిప్పి చూడండి. ఒక్కడి ఎరువు వలన గుర్రం చావలేదు. ఇద్దరి ఎరువు వలన కాదు. అలా లెక్కపెడుతూ పోతే ఎవరి వలనా కాదని తేలుతుంది. కాని గుర్రం చచ్చింది. లెక్క ఎక్కడో తప్పిందన్నమాట. కలిసి చేసిన పనికి "నా వంతు కనిపించేంత పెద్దదా?" అనేది సరైన ప్రశ్న కాదు. "ఈ పనిలో నేను ఒక వంతు వేస్తున్నానా?" అనేదే సరైన ప్రశ్న. గుడి కట్టేటప్పుడు ఒక్క రాయి మోసినవాడు నేనూ కట్టానని గర్వంగా చెప్పుకుంటాడు. మేలులో వంతు ఒప్పుకునేవాడు కీడులో వంతు ఒప్పుకోకపోతే ఎలా?

మూడవది: "ఇది మా తండ్రుల కాలంలో జరిగింది." ఇది బరువైన మాట. అప్పుచేసి షెడ్డు కట్టిన తండ్రి పోయాడు. కొడుకు నెలనెలా బ్యాంకుకు కడుతున్నాడు. పంది మాంసం ధర అతను నిర్ణయించడు. దాణా ధర అతను నిర్ణయించడు. రేపటి నుంచి సగం పందులు తీసివేయమంటే అతని ఇల్లు కూలుతుంది. అయినప్పటికీ, పొలం వారసత్వంగా తీసుకున్నవాడు పొలం మీది అప్పు కూడ తీసుకోవాలన్నది మన పల్లెల్లో ఎవరూ కాదనని న్యాయం. సముద్రానికి పడిన బాకీ ఆ అప్పులో భాగమే. తండ్రి పాపానికి కొడుకు దోషి కాడు; కాని తండ్రి బాకీకి కొడుకు బాధ్యుడే. దోషం వేరు, బాధ్యత వేరు. దోషం లేకుండానే బాధ్యత ఉండవచ్చు.

తుడిచినంత మాత్రాన

2009 ఆగస్టులో ఫ్రాన్సు ప్రధానమంత్రి ఫ్రాంస్వా ఫియోన్ సెయింట్ మిషెల్ ఆన్ గ్రేవ్ తీరానికి వచ్చి చూశాడు. ఎక్కువగా నాచు పట్టిన తీరాలను శుభ్రం చేసే ఖర్చు ప్రభుత్వం భరిస్తుందని చెప్పాడు. మరుసటి సంవత్సరం పచ్చనాచును ఎదుర్కొనే పథకం వచ్చింది. రెండవ పథకం 2017లో, మూడవది 2022లో మొదలైంది. ట్రాక్టర్లు, యంత్రాలు ఇసుక మీద తిరుగుతాయి. ఎత్తిన నాచును ఎరువుగా మార్చడమో, పొలాలలో చల్లడమో చేస్తారు. యంత్రాలు చేరలేని బురద మొగలలో మాత్రం నాచు అక్కడే కుళ్ళుతుంది. అక్కడ "ప్రవేశించరాదు" అనే బోర్డు పెడతారు.

శుభ్రం చేయడం తప్పా? కాదు. రేపు ఉదయం ఆ ఇసుక మీద పిల్లలు ఆడబోతున్నారు. నాచు ఒడ్డుకు చేరిన ఒకటి రెండు రోజుల్లోనే ఎత్తాలి. మూలం సరిచేసేదాకా తీరం జోలికి పోవద్దనేవాడికి ప్రాణం విలువ తెలియదు. అయితే శుభ్రతలో కూడ ఒక ప్రమాదం పొంచి ఉంది. ఉదయాన్నే నాచు మాయమైతే, నాచు లేదని అందరూ అనుకుంటారు. లోపలి ఊళ్ళలో ఏమీ మారనక్కర లేకుండా పోతుంది. ఏటేటా తుడుస్తూ మూలాన్ని వదిలేయడం చిల్లికుండలో నీళ్ళు పోయడమే. ఆ 2021 నివేదిక కూడ ప్రభుత్వ ప్రయత్నం లక్ష్యంలోను, అమలులోను చాలలేదనే చెప్పింది.

మరొక సంగతి. ఈ పనిలో అందరికంటే ముందు ప్రమాదానికి ఎదురు నిలిచేది ఎవరు? లారీ తోలే డ్రైవరు, యంత్రం మీద కూర్చునే కూలివాడు. లాభం ఒకచోట చేరుతుంది. విషం మరొకడి ఊపిరిలో చేరుతుంది. ఏ వ్యవహారంలోనైనా న్యాయం ఉందో లేదో చూడాలంటే, దాని చివరి మెట్టు మీద ఎవరు నిలబడి ఉన్నారో చూడాలి.

ఎవరి వంతు ఎంత?

2016లో గూస్సాన్ మొగలో చనిపోయిన మనిషి భార్యాబిడ్డలు న్యాయస్థానానికి వెళ్ళారు. మొదట ఓడిపోయారు. 2025 జూన్‌లో నాంత్ నగరంలోని పై న్యాయస్థానం, నీటిని వ్యవసాయ కాలుష్యం నుంచి కాపాడవలసిన నియమాలను సరిగా అమలు చేయనందుకు ప్రభుత్వమే బాధ్యత వహించాలని తీర్పు చెప్పింది. ప్రమాదమని తెలిసిన చోటికి ఆ మనిషి వెళ్ళిన సంగతినీ లెక్కలోకి తీసుకుని, ప్రభుత్వం వంతు 60 శాతంగా నిర్ణయించింది.

తలా పిడికెడు పాపంలో ఒకరి పిడికిలిని కొలిచి చూపించిన తీర్పు ఇది. అందరి దోషం కనుక ఎవరి దోషమూ కాదు అనే పాత సాకుకు దీనితో ఒక జవాబు దొరికింది. వంతులు సమానం కానక్కరలేదు. న్యాయస్థానం కొలవలేని చోట మన మనస్సాక్షి మూడు ప్రశ్నలతో కొలుచుకోవచ్చు.

ఎవరికి ముందు తెలిసింది? తెలిసి దాచినవాడి వంతు, తెలియక చేసినవాడి వంతుకంటే పెద్దది. ఎవరి చేతిలో మార్చే శక్తి ఉంది? నియమాలు చేసే ప్రభుత్వం, దాణా అమ్మి మాంసం కొనే పెద్ద సంస్థలు, అప్పులిచ్చే బ్యాంకు, వీటి వంతు అప్పులో మునిగిన రైతు వంతుకంటే పెద్దది. ఎవరికి లాభం ముట్టింది? ఇక్కడ మాత్రం పట్నంలో చవకగా మాంసం కొనుక్కుని తిన్న ఇల్లాలి వరకు, ఇంటాయన వరకు అందరూ వరుసలోకి వస్తారు. చవక అంటే ధర లేదని కాదు. మనం కట్టని ధరను తీరాన ఎవరో కట్టారని.

ఈ మూడు ప్రశ్నలూ వేసుకుంటే రైతును ఒక్కడినే దోషిగా నిలబెట్టడం కుదరదు. అలాగని అతనిని పూర్తిగా విడిచిపెట్టడమూ కుదరదు. అతను గట్టు మళ్ళీ వేయవచ్చు, శీతకాలంలో నేలను పైరుతో కప్పవచ్చు, వాగు పక్క మడిని పచ్చికకు వదలవచ్చు. ఆ మార్పులో అతనికి వచ్చే నష్టాన్ని తక్కినవారు పంచుకోవాలి. మేలు అందరూ పంచుకున్నారు కనుక, మార్పు ఖర్చు కూడ అందరిదీ. కమతం తగ్గించమని చెప్పి, ధర మాత్రం పెంచనివాడి మాటలో న్యాయం లేదు.

మన వాగు చివర ఎవరున్నారు?

ఇది చదువుతున్నవారిలో రైతులున్నారు, చెరువులు చేసేవారున్నారు, ఎరువుల కొట్టు నడిపేవారున్నారు, ఇవేవీ లేకపోయినా రోజూ అన్నం తినేవారున్నారు. పక్కవాడి చేను పచ్చగా కనిపించిందని మనం కూడ ఇంకో బస్తా యూరియా చల్లినప్పుడు, పైరు తీసుకోగా మిగిలినది ఎక్కడికి పోతుందో ఎప్పుడైనా అడిగామా? చెరువు ఖాళీ చేసి మురుగు కాలువలోకి వదిలిన నీరు ఏ ఊరి రేవుకు చేరుతుందో కనుక్కున్నామా? ఇంటి వెనుక నుంచి పోయిన నీటి చివర కూడ ఒక ఇల్లు ఉంటుంది.

బ్రిటనీవారు ఒకనాడు చేసినది మనమూ చేయవచ్చు. ఏదైనా ఒక ఆదివారం, పూజ ముగిసిన తరువాత, ఒక గంట కూర్చోవచ్చు. ఎగువ పొలాలవారు, దిగువ రేవువారు ఒకే బల్ల మీద. ఎవరినీ దోషిగా నిలబెట్టడానికి కాదు. మన కాలువ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఒక కాగితం మీద గీసి, దాని చివర ఉన్నవారి పేర్లు రాయడానికి. చివరనున్నవాడి పేరు తెలిసిన తరువాత, బస్తా విప్పే చేయి ఒక్క క్షణమైనా ఆగుతుంది. తలా పిడికెడుగా చేరిన పాపం, తలా పిడికెడుగానే తగ్గాలి. ముందుగా ఎవరో ఒకరు తన పిడికిలి విప్పి "ఇది నా వంతు" అని చెప్పాలి. ఆ ఒకరు మన ఇంటివారే ఎందుకు కాకూడదు?